పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం: ఫోన్ ఎప్పుడు ఒప్పుకుంటుంది, ఎప్పుడు ఒప్పుకోదు

కొత్త వెర్షన్ నచ్చకపోతే చాలామంది మొదట చేసే పని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం. ఫొటోలు పోతాయి, చాట్‌లు పోతాయి, ఫోన్ మళ్లీ మొదటి నుంచి భాష ఏదని అడుగుతుంది. ఓపిగ్గా సెటప్ అంతా ముగించి చూస్తే లోపల ఉన్నది అదే కొత్త వెర్షన్. పోయింది డేటా ఒక్కటే.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే డౌన్‌గ్రేడ్ వ్యవహారం సగం అర్థమైనట్టే. ఫోన్ స్టోరేజీ పార్టిషన్లుగా విడిపోయి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే పార్టిషన్లను మామూలు వాడకంలో చదవగలమే తప్ప మార్చలేం. మన యాప్‌లు, ఫొటోలు, సెట్టింగ్స్ యూజర్ డేటా అనే వేరే పార్టిషన్‌లో ఉంటాయి. ఫ్యాక్టరీ రీసెట్ తుడిచేది ఈ రెండోదాన్ని. అప్‌డేట్ మార్చింది మొదటిదాన్ని. ఫోన్ కొన్నప్పుడు ఉన్న వెర్షన్ కాపీ ఏదీ లోపల ఓ మూల దాచి ఉండదు. ‘ఫ్యాక్టరీ’ అనే మాట ఆ భ్రమ కలిగిస్తుంది, అంతే. ఐఫోన్‌లో కంటెంట్, సెట్టింగ్స్ అన్నీ తుడిచేసినా ఇదే తంతు.

‘ఆండ్రాయిడ్‌లో రెండు స్లాట్లు ఉంటాయట కదా, రెండో స్లాట్‌లో పాతది ఉండదా?’ అని అడిగేవాళ్లుంటారు. మంచి ప్రశ్నే. స్లాట్లంటే సిస్టమ్ పార్టిషన్లకి ఉండే రెండు జతలు. అవి ఉన్న ఫోన్లలో అప్‌డేట్ పక్క స్లాట్‌లో ఎక్కుతుంది, రీస్టార్ట్‌తో ఫోన్ ఆ స్లాట్‌కి మారుతుంది. కొత్తది సరిగా బూట్ కాకపోతే, అంటే మొదలై నడవకపోతే, ఫోన్ తనంతట తానే పాత స్లాట్‌కి తిరిగొస్తుంది. ఆ ఏర్పాటు అప్‌డేట్ విఫలమైతే కాపాడడానికే, తర్వాత మనసు మార్చుకోవడానికి కాదు. కొత్తది ఒక్కసారి సవ్యంగా బూట్ అయితే యూజర్ డేటా కూడా కొత్త పద్ధతిలోకి మారిపోతుంది. పైగా ఆండ్రాయిడ్ 11తో వచ్చిన వర్చువల్ స్లాట్ల పద్ధతిలో మొదటి బూట్ విజయవంతం కాగానే కొత్త భాగాలు పాతవాటిలో కలిసిపోతాయి, పాత సిస్టమ్ అక్కడితో చెరిగిపోతుంది. కాబట్టి ఫాస్ట్‌బూట్ అనే, కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే మోడ్‌లో స్లాట్ మార్చి పాత వెర్షన్‌కి వెళ్లొచ్చన్న సలహా ఎక్కడైనా కనిపిస్తే నమ్మకండి.

పాత వెర్షన్ కావాలంటే దాని పూర్తి ఫర్మ్‌వేర్‌ని (ఫోన్‌ని నడిపే సిస్టమ్ ఫైళ్ల మూటని) బయటి నుంచి తెచ్చి, సాధారణంగా కంప్యూటర్ సాయంతో, సిస్టమ్ పార్టిషన్ల మీద మళ్లీ రాయాలి. ఫ్లాష్ చేయడం అంటే ఇదే. రాయడం పెద్ద పనేం కాదు, మామూలుగా అరగంట లోపే అయిపోతుంది. అసలు చిక్కు ఫోన్ దానికి ఒప్పుకోవడంలో ఉంది.

ఎందుకు ఒప్పుకోదు?

సెక్యూరిటీ ప్యాచ్ అంటే బయటపడిన ఒక కన్నాన్ని పూడ్చడం. ప్యాచ్ వచ్చాక ఆ కన్నం ఎక్కడుండేదో లోకమంతా తెలుసుకుంటుంది. మీ ఫోన్ కొట్టేసినవాడు కన్నం ఉన్న పాత వెర్షన్‌ని దానిలో ఎక్కించగలిగితే, మీరు వేసుకున్న ప్యాచ్‌లన్నీ వృథా. అందుకే కంపెనీలు వెనక్కి వెళ్లే దారికి తాళం వేశాయి. ఆ తాళానికి దొంగకీ యజమానికీ తేడా తెలియదు. తాళం ఉండడం న్యాయమే అని ఒప్పుకోవాలి. కానీ అప్‌డేట్ బటన్ పక్కన ‘ఇది ఎక్కాక తిరిగి వెళ్లలేరు’ అని ఒక్క వాక్యం రాయడం కంపెనీలకి కష్టమైన పనేం కాదు. ఆ వాక్యం లేకపోవడం వల్లే ఇన్ని ఫోన్లు అర్ధాంతరంగా పాడవుతున్నాయి.

తాళం వేసే పద్ధతులు రెండు. ఐఫోన్‌లో తాళంచెవి ఆపిల్ సర్వర్ దగ్గర ఉంటుంది, ప్రతిసారీ వెళ్లి అడగాలి. ఆండ్రాయిడ్‌లో తాళం ఫోన్ లోపలే ఉంటుంది, ఒక అంకె రూపంలో. ఈ తేడా పట్టుకుంటే ఏ ఫోన్‌కి ఏం చూడాలో తెలిసిపోతుంది.

ఐఫోన్: ఆపిల్ సంతకం ఉన్నంత వరకే

ఐఫోన్‌లో ఏ వెర్షన్ రిస్టోర్ చేసినా (అంటే కంప్యూటర్ నుంచి మళ్లీ ఎక్కించినా) కంప్యూటర్ ఆపిల్ సైనింగ్ సర్వర్‌కి ఒక అర్జీ పంపుతుంది. అందులో మూడు సంగతులుంటాయి: మీ చిప్‌కి మాత్రమే ఉండే ఈసీఐడీ అనే నంబరు, మీరు ఎక్కించబోయే ఫర్మ్‌వేర్ తాలూకు హాష్‌లు (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్యలు), ఆ క్షణంలో ఫోన్ పుట్టించిన నాన్స్ అనే యాదృచ్ఛిక సంఖ్య. ఆ వెర్షన్‌ని ఆపిల్ ఇంకా అనుమతిస్తుంటే సర్వర్ వీటన్నిటి మీదా సంతకం చేసి తిప్పి పంపుతుంది. సంతకం లేని సిస్టమ్‌ని ఫోన్ బూట్ చేయదు. పరికరానికి విడిగా సంతకం చేసే ఈ ఏర్పాటు 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వచ్చింది. నాన్స్ తర్వాత చేరింది.

ఒకప్పటి సంతకాన్ని దాచుకుని తర్వాత వాడుకోవాలని ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. ఆ దాచిన సంతకాలనే ఎస్‌హెచ్‌ఎస్‌హెచ్ బ్లాబ్‌లు అంటారు. వాటిని పనికిరాకుండా చేయడానికే నాన్స్. ప్రతి రిస్టోర్‌కీ సంఖ్య మారుతుంది కాబట్టి పాత సంతకం కొత్త సంఖ్యకి సరిపోదు. జైల్‌బ్రేక్‌తో (అంటే ఆపిల్ పెట్టిన ఆంక్షలు తెంచి) నాన్స్‌ని మనకి కావలసినట్టు కుదిర్చినా పని పూర్తి కాదు. 2013లో ఐఫోన్ 5ఎస్‌తో వచ్చిన సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే భద్రతా భాగానికి సొంత ఫర్మ్‌వేర్ ఉంది, నెట్‌వర్క్ చూసుకునే బేస్‌బ్యాండ్‌కి సొంత ఫర్మ్‌వేర్ ఉంది. ఈ రెండింటికీ సంతకాలు వేరు. కాబట్టి అవి కొత్తవే ఎక్కించాలి, ఎక్కిన కొత్తవి పాత సిస్టమ్‌తో కలిసి పనిచేయాలి. 2019లో బయటపడిన చెక్‌ఎమ్‌8 అనే బూట్‌రామ్ లోపం ఐఫోన్ 4ఎస్ నుంచి ఐఫోన్ టెన్ వరకు చిప్‌లలో ఉంది. బూట్‌రామ్ అంటే ఫోన్ ఆన్ కాగానే ముందుగా నడిచే, చిప్‌లోనే చెక్కిన కోడ్. దాన్ని అప్‌డేట్‌తో మార్చలేరు కాబట్టి ఆ ఫోన్లతో ప్రయోగాలు ఇంకా సాగుతున్నాయి. అంతకంటే కొత్త ఐఫోన్ వాడే మామూలు మనిషి బ్లాబ్‌ల జోలికి పోవడంలో అర్థం లేదు.

కొత్త వెర్షన్ విడుదలయ్యాక పాతదానికి సంతకం చేయడం ఆపిల్ సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఆపేస్తుంది. ఈ గడువు ముందుగా ప్రకటించరు, ఒక్కోసారి తొందరగానే మూసేస్తారు. వెనక్కి వెళ్లాలనుకుంటే ఆ కొద్ది రోజుల్లోనే నిర్ణయం తీసుకోవాలి. బీటా (విడుదలకి ముందు పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్) వాడుతున్నవాళ్ల పరిస్థితి మెరుగు. అందరికీ అందుబాటులో ఉన్న వెర్షన్‌కి సంతకం ఎలాగూ ఉంటుంది కాబట్టి బీటా నడిచినన్నాళ్లూ బయటికి దారి ఉంటుంది.

ఫర్మ్‌వేర్ ఫైలుని ఐపీఎస్‌డబ్ల్యూ అంటారు. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఫైలు, అది కొన్ని జీబీలుంటుంది. డౌన్‌లోడ్ మొదలుపెట్టే ముందే ఆ వెర్షన్‌కి ఇంకా సంతకం ఉందో లేదో చూడండి. ఫైలు దొరుకుతుంది కదా అని దించేసుకుని, చివర్లో 3194 అనే ఎర్రర్ చూసి నిరాశపడేవాళ్లే ఎక్కువ. ఆ ఎర్రర్‌కి చాలాసార్లు అర్థం ఒక్కటే: సర్వర్ సంతకం చేయనంది. కేబుల్ మార్చినా కంప్యూటర్ మార్చినా ఉపయోగం లేదు. ఒక్క మినహాయింపు ఉంది. ఎప్పుడో జైల్‌బ్రేక్ టూల్ వాడిన కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైలు (ఏ సర్వర్ పేరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే జాబితా) ఆపిల్ సర్వర్‌ని అడ్డుకుంటూ ఉండొచ్చు, అది సరిచేస్తే సరిపోతుంది. 9, 4013 లాంటి ఎర్రర్లు వస్తే మాత్రం ముందు కేబుల్‌నీ యూఎస్‌బీ పోర్టునీ అనుమానించాలి.

ఇక పని చేసే తీరు. ఫైండ్ మై ఆపేయండి, ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ కచ్చితంగా గుర్తుందో లేదో చూసుకోండి. ఫైండ్ మై ఆపకుండా రిస్టోర్ చేస్తే యాక్టివేషన్ లాక్ అనే దొంగతనం రక్షణ దగ్గర ఫోన్ ఆ పాస్‌వర్డే అడుగుతుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి మ్యాక్‌లో ఫైండర్, విండోస్‌లో ఐట్యూన్స్ లేదా ఆపిల్ డివైసెస్ యాప్ తెరవండి. మ్యాక్‌లో ఆప్షన్ కీ, విండోస్‌లో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రిస్టోర్ ఐఫోన్ మీద క్లిక్ చేస్తే ఫైలు ఎంచుకోమని అడుగుతుంది. కీ పట్టుకోకుండా క్లిక్ చేస్తే అది తాజా వెర్షన్‌నే దించి ఎక్కిస్తుంది, చేసిన శ్రమంతా తిరగబడుతుంది.

బీటా నుంచి వెనక్కి రావడానికి రికవరీ మోడ్ కావాలి, అంటే ఫోన్ మామూలుగా నడవకుండా కంప్యూటర్ నుంచి సిస్టమ్ ఎక్కించుకునే స్థితి. ఐఫోన్ 8, ఆ తర్వాతి వాటిలో వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి వెంటనే వదలాలి, వాల్యూమ్ తగ్గించే బటన్ కూడా అలాగే. తర్వాత పక్క బటన్‌ని గట్టిగా పట్టుకోవాలి. ఆపిల్ గుర్తు కనిపించగానే చాలామంది వదిలేస్తారు. వదలకూడదు. తెర మీద కేబుల్, కంప్యూటర్ బొమ్మ వచ్చేదాకా పట్టుకునే ఉండాలి. రికవరీ మోడ్‌లో ఉండగా ఫర్మ్‌వేర్ డౌన్‌లోడ్‌కి 15 నిమిషాల కంటే ఎక్కువ పడితే ఫోన్ ఆ మోడ్ నుంచి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు డౌన్‌లోడ్ పూర్తి కానిచ్చి బటన్ల వరుస మళ్లీ మొదలుపెట్టాలి.

అన్నిటికంటే బాధపెట్టేది బ్యాకప్ విషయం. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్ ఉన్న ఐఫోన్‌లోకి ఎక్కదు. ఐక్లౌడ్‌లో తీసినా కంప్యూటర్‌లో తీసినా ఇదే. అంటే వెనక్కి వెళ్లగలగడం, డేటాతో సహా వెళ్లగలగడం రెండూ వేర్వేరు. బీటా ఎక్కించే ముందే కంప్యూటర్‌లో బ్యాకప్ తీసి, బ్యాకప్‌ల జాబితాలో దాని మీద రైట్ క్లిక్ చేసి ఆర్కైవ్ చేయాలి. ఆర్కైవ్ చేయని బ్యాకప్‌ని తర్వాతి బ్యాకప్ మింగేస్తుంది. ఆపిల్ వాచ్ ఉన్నవాళ్లకి ఇంకో హెచ్చరిక: వాచ్‌ని వెనక్కి తీసుకెళ్లే మార్గం వాడుకదారులకి లేదు. వాచ్ కొత్త వెర్షన్‌లో ఉండి ఫోన్ ఒక్కటే పాతదానికి వెళ్తే ఆ రెండూ జత కాకపోవచ్చు.

ఆండ్రాయిడ్: ఫోన్ గుర్తుపెట్టుకునే అంకె

2017లో ఆండ్రాయిడ్ 8తో వెరిఫైడ్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్ అసలుదేనా అని చూసే తనిఖీ) రెండో తరం వచ్చింది. దానిలో ప్రతి సిస్టమ్ ఇమేజ్‌తో పాటు రోల్‌బ్యాక్ ఇండెక్స్ అనే అంకె ఉంటుంది. ఫోన్ ఇప్పటిదాకా చూసిన అతి పెద్ద అంకెని ఎవరూ చెరపలేని చోట దాచుకుంటుంది. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) లాక్ అయి ఉంటే అంతకంటే చిన్న అంకె ఉన్న సిస్టమ్‌ని నడపనివ్వదు. కంపెనీ ప్రతి అప్‌డేట్‌కీ ఈ అంకె పెంచదు. అందుకే ఒకే ఫోన్‌లో ఒక అప్‌డేట్ నుంచి వెనక్కి రావడం కుదురుతుంది, మరోదాని నుంచి కుదరదు. పక్కవాళ్లకి పనిచేసింది మనకి పనిచేయకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

దీని కింద ఇంకో అంచె ఉంది. బూట్‌లోడర్ తన వెర్షన్‌ని చిప్‌లోని ఈ-ఫ్యూజుల్లో రాస్తుంది. ఫ్యూజ్ ఒకసారి కాలితే మళ్లీ అతుక్కోదు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే పై అంచె తనిఖీ సడలుతుంది గానీ ఫ్యూజుల లెక్క మాత్రం మారదు. అన్‌లాక్ చేశాను కదా, ఇక ఏదైనా ఎక్కించొచ్చు అనుకుని పాత బూట్‌లోడర్ ఎక్కిస్తే, చిప్ దాన్ని ఒప్పుకోదు. తెర వెలగదు, రికవరీ రాదు. ఫోన్ ఇటుకైపోవడం అంటే అదే.

గూగుల్ పిక్సెల్ 6 విషయంలో ఇది స్పష్టంగా కనిపించింది. 2022 ఆగస్టులో ఆండ్రాయిడ్ 13 వచ్చినప్పుడు పిక్సెల్ 6, 6 ప్రో, 6ఏ ఫోన్ల బూట్‌లోడర్ అంకె పెరిగింది. అది ఎక్కాక ఆండ్రాయిడ్ 12కి తిరుగు దారి లేదు. గూగుల్ ఆ సంగతి విడుదలప్పుడే ప్రకటించింది. దానితో పాటు వచ్చిన ఇంకో ఇబ్బంది మరీ సూక్ష్మమైనది. ఫ్లాష్ చేసినప్పుడు కొత్త బూట్‌లోడర్ ఒక స్లాట్‌లోనే పడుతుంది, పక్క స్లాట్‌లో పాతదే ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడైనా ఏదో ఒక బిల్డ్ (సిస్టమ్ కూర్పు) బూట్ కాకపోతే ఫోన్ అలవాటు ప్రకారం పక్క స్లాట్‌కి మారుతుంది. అక్కడున్నది అంకె సరిపోని పాత బూట్‌లోడర్. ఇక లేవదు. కాపాడడానికి పెట్టిన ఏర్పాటే ముంచేస్తుందన్నమాట. అందుకే అప్పట్లో రెండు స్లాట్లలోనూ కొత్త బూట్‌లోడర్ ఎక్కించమని చెప్పారు.

అంకె పెరగని అప్‌డేట్ అయితే పిక్సెల్‌లో వెనక్కి రావడం అన్నిటికంటే సులువు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి. అక్కడ ఓఈఎం అన్‌లాకింగ్ (బూట్‌లోడర్ తాళం తీయడానికి అనుమతి), యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి గూగుల్ వారి ఆండ్రాయిడ్ ఫ్లాష్ టూల్ పేజీకి వెళ్తే అన్‌లాక్ నుంచి ఫ్లాష్ దాకా అదే నడిపిస్తుంది. బూట్‌లోడర్ అన్‌లాక్ అయిన క్షణమే ఫోన్‌లోని డేటా మొత్తం చెరిగిపోతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన నియమం. ఫ్లాష్ ముగిశాక బూట్‌లోడర్‌ని మళ్లీ లాక్ చేయండి. అయితే లోపల ఉన్నది పూర్తిగా కంపెనీ ఇచ్చిన సిస్టమ్ అయినప్పుడే. మార్చిన సిస్టమ్ మీద లాక్ వేస్తే ఫోన్ బూట్ అవ్వడం మానేస్తుంది. కొన్ని టెలికాం కంపెనీల ద్వారా కొన్న పిక్సెల్‌లలో ఓఈఎం అన్‌లాకింగ్ బటన్ నొక్కినా కదలదు. అలాంటప్పుడు ఈ దారి లేనట్టే. పాత వెర్షన్ ఓటీఏ (నెట్ ద్వారా ఫోన్‌కే వచ్చే అప్‌డేట్) ఫైలుని రికవరీ ద్వారా ఎక్కిద్దామన్నా, ఇప్పుడున్న బిల్డ్ కంటే పాత తేదీ అని చూసి తోసిపుచ్చుతుంది.

పిక్సెల్‌లో ఆండ్రాయిడ్ బీటా నుంచి బయటికి రావాలంటే కంప్యూటర్ కూడా అక్కర్లేదు. బీటా ప్రోగ్రామ్ పేజీలో తప్పుకుంటే వెనక్కి తీసుకెళ్లే అప్‌డేట్ ఫోన్‌కే వస్తుంది. అది ఎక్కితే డేటా పోతుంది. ఆ బీటా తాలూకు స్థిరమైన వెర్షన్ విడుదల దగ్గర్లో ఉంటే, తప్పుకున్నాక వచ్చే ఆ డౌన్‌గ్రేడ్ అప్‌డేట్‌ని ఎక్కించకుండా ఆగితే మేలు. స్థిరమైనది వచ్చినప్పుడు డేటా పోకుండానే దానిలోకి మారొచ్చు.

శామ్‌సంగ్‌లో ఐదో అక్షరం

శామ్‌సంగ్‌లో అదృష్టమేమిటంటే ఆ అంకె దాపరికం లేకుండా ఫర్మ్‌వేర్ పేరులోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ సమాచారం తెరిచి బిల్డ్ నంబర్ చివరి భాగం చూడండి. ఉదాహరణకి అది ‘యూ-5-సీ-వీ-డీ-డీ’ అనే వరుసతో ముగిసిందనుకోండి. చివరి నుంచి ఐదో స్థానంలో ఉన్న 5 బూట్‌లోడర్ వెర్షన్. దాని తర్వాత సీ అంటే ఆ ఫోన్‌కి వచ్చిన మూడో పెద్ద వెర్షన్, వీ అంటే 2022, తర్వాతి డీ అంటే నాలుగో నెల, చివరిది ఆ నెలలో వచ్చిన బిల్డ్ క్రమం. ఏడాది అక్షరం ఏటా ఒకటి ముందుకు జరుగుతుంది: డబ్ల్యూ 2023, ఎక్స్ 2024, వై 2025. బూట్‌లోడర్ అంకె 9 దాటితే ఏ, బీ అంటూ అక్షరాల్లోకి వెళ్తుంది.

నియమం సూటిగా ఉంటుంది. ఎక్కించబోయే పాత ఫర్మ్‌వేర్‌లో చివరి నుంచి ఐదో అక్షరం ఇప్పుడున్నదానితో సమానం అయితే వెళ్లొచ్చు, చిన్నదైతే వెళ్లలేరు. చిన్నది ఎక్కించబోతే డౌన్‌లోడ్ మోడ్ (శామ్‌సంగ్‌లో ఫ్లాష్ చేసే మోడ్) తెర మీద ఎర్ర అక్షరాల్లో రివిజన్ చెక్ ఫెయిల్ అని, డివైస్ 5, బైనరీ 4 అని వస్తుంది. ఇంత స్పష్టంగా కారణం చెప్పే ఎర్రర్ అరుదు. దాన్ని చూశాక టూల్ మార్చి మళ్లీ మళ్లీ ప్రయత్నించడం వృథా.

సమానంగా ఉంటే పని ఇలా సాగుతుంది. విండోస్ కంప్యూటర్‌లో శామ్‌సంగ్ యూఎస్‌బీ డ్రైవర్, ఫ్లాష్ చేసే ఓడిన్ టూల్ ఉండాలి. ఫర్మ్‌వేర్ విప్పితే బీఎల్ (బూట్‌లోడర్), ఏపీ (సిస్టమ్), సీపీ (నెట్‌వర్క్ భాగం), సీఎస్‌సీ (ప్రాంతం, టెలికాం సెట్టింగ్స్), హోమ్ సీఎస్‌సీ అని ఐదు ఫైళ్లు వస్తాయి. వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌లకి సీపీ ఉండదు. ఫోన్ ఆఫ్ చేసి, వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి పట్టుకుని, కంప్యూటర్‌కి ముందే తగిలించిన కేబుల్‌ని ఫోన్‌కి గుచ్చితే ఇటీవలి మోడళ్లలో హెచ్చరిక తెర వస్తుంది. వాల్యూమ్ పెంచే బటన్ నొక్కితే డౌన్‌లోడ్ మోడ్. ఓడిన్‌లో ఒక్కో ఫైలుని దాని గడిలో పెట్టాలి. ఏపీ ఫైలు పెద్దది, దాన్ని పెట్టాక ఓడిన్ రెండు మూడు నిమిషాలు బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. అది తనిఖీ చేసుకుంటోంది, మూసేయకండి. డౌన్‌గ్రేడ్‌కి హోమ్ సీఎస్‌సీ కాకుండా మామూలు సీఎస్‌సీ పెట్టాలి. మొదటిది డేటా ఉంచుతుంది, రెండోది తుడుస్తుంది. కొత్త వెర్షన్ డేటాని పాత సిస్టమ్ మీద ఉంచితే ఫోన్ లోగో దగ్గరే ఆగిపోతుంది. ఆటో రీబూట్, ఎఫ్ రీసెట్ టైమ్ అన్న రెండు టిక్కులు ముందే ఉంటాయి, అవి చాలు. రీ-పార్టిషన్, నాండ్ ఎరేజ్ మాత్రం ముట్టుకోవద్దు.

సొంత మోడల్‌కి వచ్చిన అధికారిక ఫర్మ్‌వేర్‌ని ఓడిన్‌తో ఎక్కించడానికి బూట్‌లోడర్ అన్‌లాక్ అక్కర్లేదు, నాక్స్ అనే శామ్‌సంగ్ భద్రతా వ్యవస్థ ఫ్యూజ్ కూడా కాలదు. అన్‌లాక్ చేసి అనధికారిక ఇమేజ్ ఎక్కిస్తే నాక్స్ విలువ శాశ్వతంగా మారిపోతుంది, శామ్‌సంగ్ పే, సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఇక పనిచేయవు. తిరిగి అధికారిక వెర్షన్ ఎక్కించినా ఆ ఫ్యూజ్ వెనక్కి రాదు.

షావోమీలో రెండు గోతులు

షావోమీలో బూట్‌లోడర్ అన్‌లాక్ తప్పదు. దానికి ఫోన్‌ని అకౌంట్‌తో ముడిపెట్టి, కంపెనీ పెట్టిన గడువు ఆగాలి. ఎంఐయూఐ అనే షావోమీ పాత సిస్టమ్ కాలంలో చాలా ఫోన్లకి అది 168 గంటలు, అంటే వారం ఉండేది. అన్‌లాక్ అయ్యాక ఫాస్ట్‌బూట్‌లో ‘గెట్‌వార్ యాంటీ’ అనే కమాండ్ ఇస్తే ఫోన్ తన యాంటీ రోల్‌బ్యాక్ అంకె చెబుతుంది. ఎక్కించబోయే ప్యాకేజీ అంకె దీనికంటే తక్కువైతే అక్కడితో ఆగాలి. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రోకి ఈ తాళం వచ్చిన కొత్తలో, ఆ సంగతి తెలియక పాత ఎంఐయూఐకి వెళ్లబోయిన ఫోన్లు ఇటుకలయ్యాయి. ఆ తర్వాత ప్యాకేజీల్లోని ఫ్లాష్ స్క్రిప్ట్‌లోనే తనిఖీ పెట్టారు, అంకె సరిపోకపోతే అదే ఆపేస్తుంది. ఆ తనిఖీ వరుసలు చెరిపేసి ముందుకెళ్లమనే వీడియోలు కనిపిస్తాయి. అవి చెరపమంటున్నది మీ ఫోన్‌కి మిగిలిన ఆఖరి రక్షణని.

రెండో గొయ్యి షావోమీ ఫోన్లని ఫ్లాష్ చేసే మీఫ్లాష్ టూల్ అడుగున ఉంటుంది. అక్కడ మూడు ఎంపికలు: అన్నీ తుడిచెయ్, యూజర్ డేటా ఉంచు, అన్నీ తుడిచి లాక్ చెయ్. చైనా మార్కెట్ ఫోన్‌లో గ్లోబల్ సిస్టమ్ ఎక్కిస్తూ పొరపాటున మూడోది ఉంచేస్తే, ఈ వెర్షన్ ఈ పరికరంలో చెల్లదన్న సందేశంతో ఫోన్ రికవరీ దగ్గర ఆగిపోతుంది. ఫ్లాష్ నొక్కే ముందు ఆ వరుస మళ్లీ ఒకసారి చూడండి. క్వాల్‌కామ్ చిప్ ఫోన్లు పూర్తిగా చచ్చినా ఈడీఎల్ అనే అత్యవసర మోడ్‌లోకి వెళ్తాయి నిజమే. కానీ దానిలో ఫ్లాష్ చేయడానికి కంపెనీ అనుమతించిన అకౌంట్ కావాలి, అది సర్వీస్ సెంటర్ల దగ్గరే ఉంటుంది.

వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ ఒక మంచి పని చేస్తాయి. కొన్ని మోడళ్లకి, ముఖ్యంగా బీటా సమయంలో, వెనక్కి వెళ్లడానికే తయారుచేసిన రోల్‌బ్యాక్ ప్యాకేజీ ఇస్తాయి. అది ఉంటే ఇంకే దారీ వెతకొద్దు. డేటా పోతుంది గానీ ఫోన్ నిలుస్తుంది. మామూలు పాత ఫర్మ్‌వేర్, రోల్‌బ్యాక్ ప్యాకేజీ ఒకటి కావు, పేరులో రోల్‌బ్యాక్ అని ఉందో లేదో చూసి దించండి.

డేటా ఎందుకు దక్కదు?

ఇది కంపెనీల మొండితనం అనుకుంటారు గానీ కారణాలు లోతైనవి. యాప్‌లూ సిస్టమ్ సేవలూ తమ సమాచారాన్ని డేటాబేస్‌లలో దాచుకుంటాయి. కొత్త వెర్షన్ మొదటిసారి నడిచినప్పుడు ఆ డేటాబేస్‌లని కొత్త ఆకారంలోకి మారుస్తుంది. పాత ప్రోగ్రామ్‌కి భవిష్యత్తులో వచ్చిన ఆకారం తెలిసే వీల్లేదు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా వాడే డేటాబేస్ పద్ధతి, పెద్ద వెర్షన్ నుంచి చిన్నదానికి తగ్గించలేను అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అలా ఒక్క ముఖ్యమైన సిస్టమ్ సేవ ఆగినా ఫోన్ రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది. బూట్‌లూప్‌కి మూలం చాలాసార్లు ఇదే.

రెండో కారణం ఎన్‌క్రిప్షన్. ఫోన్‌లోని డేటాకి వాడే తాళంచెవులు హార్డ్‌వేర్ భద్రతలో ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో వాటిని చూసుకునే కీమాస్టర్ ఆ తాళంచెవులని ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌కీ ప్యాచ్ తేదీకీ ముడిపెడుతుంది. పైకి వెళ్లినప్పుడు చెవి కొత్త వెర్షన్‌కి తగ్గట్టు మారుతుంది. కిందికి వస్తే ఆ చెవి చెల్లదు. సరైన పిన్ కొట్టినా డేటా తెరుచుకోదు.

కాబట్టి ఫ్లాష్ చేసే ముందు ఫొటోలు, ఫైళ్లు విడి ఫైళ్లుగా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. మొత్తం ఫోన్ బ్యాకప్ మీద ఆధారపడొద్దు. ఒక్క కాపీ చేసిన ఫొటోని ఏ వెర్షన్ అయినా తెరుస్తుంది. రెండంచెల లాగిన్ కోడ్‌లు ఇచ్చే యాప్‌ని ముందే వేరే పరికరానికి మార్చండి. ఫోన్ తుడిచాక ఈమెయిల్‌లోకి వెళ్లడానికి కోడ్ కావాలి, ఆ కోడ్ తుడిచిన ఫోన్‌లోనే ఉండేది! ఈసిమ్ వాడుతుంటే అది కూడా పోవచ్చు, మళ్లీ ఎలా తెప్పించుకోవాలో ముందే కనుక్కోండి. ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఉన్న రీసెట్ రక్షణ వల్ల, రికవరీ నుంచి తుడిచిన ఫోన్ పాత గూగుల్ అకౌంట్ అడుగుతుంది. పాస్‌వర్డ్ గుర్తులేకపోతే సెట్టింగ్స్ నుంచి అకౌంట్ ముందే తీసేయండి. చార్జింగ్ సగానికి పైగా ఉండాలి, కేబుల్ కంప్యూటర్ పోర్టుకే నేరుగా తగిలించాలి. చవక యూఎస్‌బీ హబ్ మధ్యలో తెగితే సగం రాసిన బూట్‌లోడర్ మిగులుతుంది.

ఫ్లాష్ అయ్యాక లోగో దగ్గరే 15 నిమిషాలు దాటి తిరుగుతుంటే భయపడకండి. రికవరీలోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఎక్కువసార్లు లేస్తుంది. ఈ వ్యాసం మొదట్లో పనికిరాని ఆ రీసెట్ ఇక్కడ సరైన మందు, ఎందుకంటే ఇప్పుడు అడ్డుపడుతున్నది మిగిలిపోయిన కొత్త డేటా.

బూట్‌లోడర్ అన్‌లాక్‌గానే వదిలేస్తే వేరే నష్టాలున్నాయి. ఫోన్ ఆన్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక తెర వస్తుంది. ప్లే ఇంటెగ్రిటీ అనే గూగుల్ భద్రతా తనిఖీ చేసే బ్యాంకు యాప్‌లు తెరుచుకోకపోవచ్చు. కొన్ని ఫోన్లలో వైడ్‌వైన్ (వీడియోల కాపీ రక్షణ) స్థాయి ఎల్1 నుంచి ఎల్3కి పడిపోయి సినిమా యాప్‌లు హెచ్‌డీలో ఆడవు.

అసలు వెళ్లాలా?

అప్‌డేట్ అయిన మొదటి రెండు మూడు రోజులు బ్యాటరీ తొందరగా అయిపోవడం మామూలే. ఫోన్ ఫొటోలని మళ్లీ సూచిక చేసుకుంటుంది, యాప్‌లని కొత్త సిస్టమ్‌కి తగ్గట్టు సవరించుకుంటుంది. వారం తర్వాత కూడా అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి. ఒక్క యాప్ మొరాయిస్తే దాని అప్‌డేట్ కోసం ఆగడం మేలు. వైఫై, బ్లూటూత్ గొడవ చేస్తే నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఒక్కటే రీసెట్ చేస్తే చాలాసార్లు కుదుటపడుతుంది. ఫోన్ అంతా నత్తనడక నడుస్తుంటే, కొత్త వెర్షన్‌లోనే ఉండి బ్యాకప్‌తో ఒక ఫ్యాక్టరీ రీసెట్ ప్రయత్నించడం డౌన్‌గ్రేడ్ కంటే తక్కువ ప్రమాదం. ఐకాన్ల రూపు నచ్చలేదని నెలల సెక్యూరిటీ ప్యాచ్‌లు వదులుకోవడం మాత్రం నా దృష్టిలో తప్పు లెక్క. బీటాతో ఇబ్బందిపడేవాళ్లకి, విడుదలైన కొద్ది రోజుల్లోనే కాల్స్, కెమెరా లాంటి అసలు పనులు చెడినవాళ్లకి వెనక్కి వెళ్లడం నిజంగా పనికొస్తుంది.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే ఫర్మ్‌వేర్‌ని కంపెనీ పేజీ నుంచి తీసుకోండి. అది ఇవ్వకపోతే చాలాకాలంగా నమ్మకంగా ఉన్న చోటు నుంచే తీసుకోండి. బూట్‌లోడర్ లాక్ అయి ఉన్న ఫోన్ మార్చేసిన ఫర్మ్‌వేర్‌ని ఎలాగూ ఒప్పుకోదు. ఎక్కువ ప్రమాదం ఫ్లాష్ టూల్ పేరుతో కంప్యూటర్‌లోకి దిగే మాల్‌వేర్‌తోనే.

పాత వెర్షన్ లేచి సెటప్ తెర వచ్చాక ఒక పని మిగిలే ఉంటుంది. వైఫై కలపగానే ఫోన్ కొత్త వెర్షన్‌ని మళ్లీ దించడం మొదలుపెడుతుంది, రాత్రి చార్జింగ్‌లో ఉండగా ఎక్కించేస్తుంది. ఐఫోన్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కింద ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆపండి, ఈలోపే దించేసి ఉంటే స్టోరేజీ జాబితాలో ఆ ఫైలు వెతికి తొలగించండి. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్లలో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్, శామ్‌సంగ్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కింద వైఫైలో ఆటో డౌన్‌లోడ్ ఆపాలి. ఫొటోలు తిరిగి ఎక్కించడం ఆ తర్వాతే.